తంబాకు చేతులు

మా అన్న ఆనంద్‌ను ఎవరూ అపొస్తలుణ్ణి చేయలేదు. తనే అయ్యాడు. మొదట బ్రదర్ ఆనంద్, ఏడాది తిరిగేసరికి పాస్టర్ ఆనంద్, ఆ మరుసటి ఏడు బిషప్ ఆనంద్, ఇప్పుడు అపొస్తలుడు ఆనంద్. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా జగిత్యాలలో కొత్త ఫ్లెక్సీ కొట్టించేవాడు. నేను అదే జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో పదకొండేళ్ళుగా టీచర్నే. అన్నకున్న వేగం నాకు లేదు.

కోరుట్లలో మేం పుట్టి పెరిగిన చర్చిని అతను వదిలింది పెద్ద సిద్ధాంతం కోసమేమీ కాదు. క్రిస్మస్ నాడు మైకు ఇవ్వలేదు, అంతే. పదకొండు కుటుంబాలను వెంటబెట్టుకొచ్చి, ఊరి చివర రేకుల షెడ్డు వేసి, ‘కడవరి సీయోను మందిరం’ అని బోర్డు పెట్టాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అవ్వ పోశవ్వ నవ్వింది. నవ్వింది గానీ, మొదటి ఆదివారం అందరికంటే ముందు పోయి చాపలు పరిచింది ఆమే. కన్నకొడుకు కదా.

షెడ్డులో అన్న కొన్ని కట్టడలు పెట్టాడు. ప్రభువు బల్ల నాడు, అంటే క్రీస్తు పేరున రొట్టె పంచుకునే ఆదివారం, ఆ రొట్టె అతని చేత్తోనే తీసుకోవాలి, ఇంకెవరూ పంచరాదు. ప్రార్థన అయిన రొట్టెలో చిన్న ముక్క కూడా పారేయరాదు. ఇంతవరకు బాగానే ఉంది. ఈ ఏడు మూడోది పెట్టాడు. తంబాకు ముట్టిన చేతికి బల్ల లేదు.

కోరుట్లలో ఆ మాట అనడమంటే చేపను నీళ్ళలోకి దిగొద్దనడమే. మా వాడలో ఆడవాళ్ళకు బీడీలే బతుకు. మమ్మల్నిద్దర్నీ పెంచింది కూడా ఆ బీడీలే.

అన్నకు ఆ కోపం ఎక్కడిదో నాకు తెలుసు. మా అయ్య కిష్టయ్య సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసేవాడు. నోట్లో బీడీ ఆరేది కాదు. చివరి ఏడాది దగ్గి దగ్గి పోయాడు. రాత్రింబవళ్ళు వీపు నిమురుతూ కూర్చుంది పదహారేళ్ళ మా అన్నే. ఆ బాధ నిజం, నేను కాదనను. కానీ తన బాధను తన దగ్గర ఉంచుకోక, దానికి దేవుడి ఆజ్ఞ అని పేరు పెట్టి పదిమంది నెత్తిన రుద్దాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

బల్ల ఆదివారం వస్తే ఊదారంగు పట్టీ వేసుకుని తలుపు దగ్గర నిలబడి, ఆడవాళ్ళ అరచేతులు ఒక్కొక్కటే వాసన చూసేవాడు. వాళ్ళేం తక్కువా? నిమ్మచెక్కలతో, సర్ఫుతో రుద్దుకుని, కొబ్బరినూనె రాసుకుని వచ్చేవాళ్ళు. మా అవ్వకు మాత్రం ఆ దొంగవేషాలు రావు.

"పొద్దుగాల రెండు కట్టలు జేసిన కొడుకా" అని ఉన్నదున్నట్టు చెప్పి, గడప అవతల చెప్పుల పక్కన కూర్చునేది. అలా ఆరు నెలలు. అన్న ఆమె వైపు చూడకుండా తల తిప్పుకునేవాడు.

"పాత చర్చికి పోరాదే అవ్వా, అక్కడ నిన్నెవలన్న వద్దన్నరా?" అని నేనంటే వినేది కాదు.

"నా కొడుకు చేతి రొట్టె నాకు గావాలె. గది అచ్చేదాక ఆగుత."

"అట్లయితే బీడీలన్న బంద్ జెయ్యి."

అప్పుడు బయటపెట్టింది. "నేను బంద్ జేత్తే స్వరూప ఎట్ల బతుకుతది? అది నా కార్డు మీదనే జేత్తది. ఏడాదాయె. ఆనికి జెప్పకు బిడ్డా."

స్వరూప మా వదిన. అపొస్తలుడి భార్య! కార్ఖానాలో ఆకు, తంబాకు ఇచ్చేది కార్డు ఉన్నవాళ్ళకే. అన్న సిరిసిల్ల, వేములవాడ అంటూ ప్రార్థనలకు తిరుగుతుంటే, వదిన అవ్వ ఇంటికి వచ్చి చాట ముందేసుకునేది. అన్న ఇంట్లో పొయ్యి వెలిగేది దాంతోనే. కోడలి పని పోకూడదని అత్త బల్లకు దూరంగా కూర్చుంటోంది. ఇది విన్నాక నాకు అవ్వ మీద ప్రేమ, అన్న మీద కోపం రెండూ రెట్టింపయ్యాయి.

మొన్నటి బల్ల ఆదివారం నేను కోరుట్లలోనే ఉన్నాను. ఆ పొద్దున వదిన ఇంట్లో గ్యాస్ అయిపోయింది. పిండి ముద్ద పట్టుకుని పరుగున అవ్వ ఇంటికి వచ్చి రొట్టె కాల్చింది.

"దీవెనా, జర ఏదన్న మంచి గుడ్డ ఇయ్యి, సుట్టుకపోత" అంది నాతో.

దండెం మీద ఉతికి ఆరేసిన తెల్ల గుడ్డ కనిపిస్తే తీసిచ్చాను. అది అవ్వ రోజూ తంబాకు మూట కట్టే గుడ్డ. ఎన్ని నీళ్ళలో జాడించినా ఆ వాసన పోదు. కానీ నేను పుట్టిందీ పెరిగిందీ ఆ వాసనలోనే. నా ముక్కుకు తెలియలేదు, వదిన ముక్కుకూ తెలియలేదు.

తెలిసిన ముక్కు ఒకటుంది. ఆరు నెలలుగా చేతులు వాసన చూసి చూసి అది బాగా తర్ఫీదైంది. అన్న బల్ల ముందు కళ్ళు మూసుకుని, మూటను రెండు చేతులా పైకెత్తి పెద్ద ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నాక గుడ్డ విప్పాడు. వేడి రొట్టె ఆవిరితో పాటు తంబాకు గుప్పుమంది. ముందు వరసలో ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. అన్న రొట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ప్రార్థన అయిపోయింది, ఇక పారేయరాదు. కట్టడ తను పెట్టిందే.

"ఎవల పని గిది?" అన్నాడు.

గుడ్డ ఇచ్చింది నేనని చెప్పబోయాను. అంతలో వదిన లేచింది. 

"రొట్టె నేనే జేసిన. అత్తమ్మ కార్డు మీద బీడీలు జేత్తున్నది గూడ నేనే. మీరు దినాం తినే బువ్వ గా చేతులతోటే కలుపుతున్న. ఒక్కనాడన్న వాసన అచ్చిందా? అత్తమ్మ నా కోసమే గా గడప కాడ కూసుంటాంది."

అన్న గడప వైపు చూశాడు. ఆరు నెలల్లో మొదటిసారి చూశాడు. చిన్నప్పుడు అవ్వ చాట వదలకుండానే మా ఇద్దరికీ ముద్దలు పెట్టేది. ఆ ముద్దలకు ఎప్పుడూ ఇదే వాసన. నాకు గుర్తొచ్చింది. అతనికి గుర్తు రాకుండా ఉంటుందా?

రొట్టె ఒక ముక్క విరిచి తను నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. కళ్ళు తుడుచుకోలేదు. పళ్ళెం పట్టుకుని మనుషుల మధ్య నుంచి గడప దాకా నడిచి, చెప్పుల మధ్యే మోకాళ్ళ మీద కూర్చుని, ముక్క అందించబోయాడు.

అవ్వ చేతులు వెనక్కి దాచుకుంది. "వద్దు కొడుకా, తంబాకున్నది."

"నా చేతులకు గూడ ఉన్నదే అవ్వా."

ఆమె అతని ముఖంలోకి చూసి, నెమ్మదిగా అరచేతులు ముందుకు పెట్టింది. ముక్క అందుకుని కళ్ళకు అద్దుకుంది, కానీ నోట్లో పెట్టుకోలేదు. రెండుగా విరిచింది.

"స్వరూపా, గిటు రా బిడ్డా."

వదిన వచ్చి కూర్చుంటే, సగం ముక్క తన చేత్తో కోడలి నోట్లో పెట్టింది. ఆ తరువాతే తను తిన్నది. ఇంకెవరూ పంచరాదన్న కట్టడ ఎవరికీ గుర్తు రాలేదు. పక్కనే అపొస్తలుడు పళ్ళెం పట్టుకుని, అవ్వ ఇంకొకరికి పెడుతుందేమోనని ఎదురుచూస్తూ, చెప్పుల మధ్యే కూర్చుని ఉన్నాడు.