చెక్కుచెదరని ల్యాబు

ఆ బడిలో సైన్సు ల్యాబు తాళాలు పంతొమ్మిదేళ్ళుగా ఒకే మనిషి నడుముకి వేలాడుతున్నాయి. ఆయన అటెండరు. పిల్లలకి మాత్రం తాళాల తాతయ్య. పాపం, యాభై కూడా దాటలేదు, కానీ ఆ చిరాకు మొహానికి ఆ పిలుపే అతుక్కుపోయింది. ఆయన గొప్పంతా ఒక్కటే: ఇన్నేళ్ళలో ఒక్క గాజు గొట్టం పగల్లేదు. ఎలా పగులుతుంది, ముట్టుకోనిస్తేగా! ఎనిమిది మైక్రోస్కోపులు బీరువాలో చెక్కపెట్టెల్లో కూర్చుని, శుక్రవారం శుక్రవారం ఆయన చేత ఒళ్ళు తుడిపించుకునేవి. అడ్మిషన్ల రోజుల్లో బయటికొచ్చి బల్లమీద వరసగా నిలబడేవి. "పిల్లల సర్వతోముఖాభివృద్ధికి మా దగ్గర లేని సౌకర్యం లేదు" అని ప్రిన్సిపాలు వచ్చినవాళ్ళకి చూపించేవాడు. వాళ్ళు గుమ్మం దాటగానే అవి మళ్ళీ పెట్టెల్లోకి. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అంటే ఇదే మరి.

ఆ శని తానేనని ఆయనకి ఏనాడూ తట్టలేదు. కూతురి వల్ల తెలిసొచ్చింది.

పిల్ల ఆ బడిలోనే చదివింది. సైన్సులో ఎప్పుడూ ఫస్టే. మైక్రోస్కోపు బొమ్మ కళ్ళు మూసుకుని గీసేది. ఆసుపత్రిలో ల్యాబు టెక్నీషియన్ కోర్సుకి రాతపరీక్ష గట్టెక్కి, సోమవారం ప్రాక్టికల్‌కి వెళ్ళింది. తిరిగొచ్చి సంచి కూడా దించకుండా గుమ్మంలోనే కూలబడింది.

"ఏమైందే?" అంది తల్లి.

"స్లైడు పెట్టి, ఏం కనబడుతోందో చెప్పమన్నారు. పది నిమిషాలు టైమిచ్చారు."

"నీకన్నీ తెలుసు కదే!"

"పేర్లు తెలుసమ్మా. ఏది ఎటు తిప్పాలో తెలీదు. నాకంతా చీకటే. పక్కన రేకుల షెడ్డు బడిలో చదివిన పిల్ల చకచకా తిప్పి చెప్పేసింది. వాళ్ళ బడి మొత్తానికీ ఒక్కటే ఉందట, అదీ విరిగితే తీగ చుట్టి వాడుతున్నారట." పిల్ల కళ్ళు తుడుచుకుంది. "పరీక్ష పెట్టినావిడ నాది ఏ బడో అడిగింది. చెప్తే, 'అంత పెద్ద ల్యాబున్న బడా?' అంది. తల కొట్టేసినట్టయింది. గురువారం ఇంకొక్కసారి రమ్మంది. అప్పుడూ చెప్పలేకపోతే సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు తండ్రి. "ఎనిమిదింటి తాళం నా దగ్గరుంటే నీకెందుకే ఏడుపు? రేపు మేడమ్‌తో చెప్పి నేర్పిస్తాగా."

మర్నాడు సైన్సు టీచరు దగ్గరికెళ్ళి అడిగాడు. ఆవిడ చేతిలో సుద్దముక్క బల్లమీద పెట్టి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నన్నా అడుగుతున్నావు అన్నయ్యా? చేరిన కొత్తలో నేను నిన్ను మూడుసార్లు అడిగాను, గుర్తుందా? మొదటిసారి ప్రిన్సిపాలు సంతకం తెమ్మన్నావు. తెచ్చాను. రెండోసారి పిల్లల చేతులు కడిగించమన్నావు. కడిగించాను. మూడోసారి నలభైమందిని గుమ్మంలో నిలబెట్టి, 'పగిలితే పూచీ ఎవరిది?' అన్నావు. ఆ తీరుకి నాకే సిగ్గేసింది. అప్పట్నుంచీ బోర్డుమీద బొమ్మ గీస్తున్నాను. మీ అమ్మాయికీ అదే గీశాను."

అయినా ఆవిడ మనసు మంచిది కాబట్టి, బడి వదిలాక ఆగుతానంది.

సాయంత్రం కూతుర్ని తీసుకొచ్చి, బీరువా తీసి, మొదటి పెట్టె తనే తెరిచాడు. టీచరు ఉల్లిపొర స్లైడుమీద పరిచి, కింది అద్దాన్ని కిటికీ వైపు తిప్పి, వంగి చూసింది. కళ్ళు నలుపుకుని మళ్ళీ చూసింది. ఇంకోటి తియ్యమంది. ఆ తర్వాత ఇంకోటి. ఎనిమిదీ బల్లమీదికొచ్చాయి.

"వీటికి గాలి తగిలి ఎన్నాళ్ళయింది అన్నయ్యా?"

"వారం వారం తుడుస్తానమ్మా!"

"పైన తుడిచావు. లోపల అద్దాలన్నిటికీ బూజు పట్టింది."

పంతొమ్మిదేళ్ళలో మొట్టమొదటిసారి ఆయన అందులో కన్ను పెట్టాడు. వానాకాలం గోడ మీది చెమ్మలా తెల్లగా ఏదో అలుక్కుపోయి ఉంది.

"ఒక్కటైనా పనికిరాదామ్మా?"

"బాగు చేయించొచ్చు. గురువారం లోపల మాత్రం కాదు."

పిల్ల బల్లమీది వరస కేసి చూసింది. "పగిలిపోయినా బాగుండేది నాన్నా," అంది. "పగిలేలోపు ఒక్కరైనా చూసుండేవాళ్ళు."

కూతురి మీద ఆయనకి కోపం రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఏది తిప్పితే ఏమవుతుందో టీచరు నోటితో చెప్పింది. గట్టుమీద నేర్చుకున్న ఈత ఎంతసేపు నిలుస్తుంది? గురువారం పిల్ల వెలుగు వరకూ తెచ్చుకుంది. తర్వాత కంగారులో పెద్ద మర తిప్పేసింది. గొట్టం దిగి స్లైడు పుటుక్కుమంది. సీటు పోయింది.

శనివారం ఎనిమిదీ మళ్ళీ బల్లెక్కాయి. ఒక భార్యాభర్తల్ని వెంటబెట్టుకుని వచ్చిన ప్రిన్సిపాలు, "మా అటెండరు సొంత కూతురే ఇక్కడ చదివిందండీ, కావాలంటే అడగండి," అన్నాడు ఛాతీ విరుచుకుని.

"ఇప్పుడేం చేస్తోందండీ మీ అమ్మాయి?" అందావిడ.

"ఇంట్లో కూర్చుందమ్మా. వీటిలో చూడ్డం రాక సీటు పోగొట్టుకుంది. నేనే ఎవర్నీ చూడనివ్వలేదు. ఇప్పుడు మీరు చూసినా ఏం కనబడదు, లోపలంతా బూజే."

ప్రిన్సిపాలు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క క్షణమే. వెంటనే పగలబడి నవ్వాడు. "మావాడికి వేళాకోళం ఎక్కువండీ! వస్తువులంటే వాడికి ప్రాణం, ఈగనైనా వాలనివ్వడు."

ఆ దంపతులూ నవ్వారు. భర్త ఒకదాని మెడమీద వేలితో రాసి చూసుకున్నాడు. దుమ్ము అంటలేదు.

"చూశావా, ఎలా మెరుస్తున్నాయో!" అన్నాడు భార్యతో. "ఇంత జాగ్రత్త ఇంకెక్కడా లేదు. మన పిల్లని ఇక్కడే చేర్పిద్దాం."