జంబానికి అర్థం

జంబమంటే ఏమిటని ఎవరైనా అడిగితే, “కండ లేనివాడి కండువా” అని జోకేసేవాణ్ణి. ఇప్పుడు వేయను.

బెంగళూరు కాడుగోడిలో మా మేస్త్రీ కృపానందం జ్ఞాపకార్థ కూడిక. పోయేముందు ఆసుపత్రి మంచం మీద అతను భార్య లీలావతికి తెలుగులో ఉత్తరం రాశాడు. ఆమెకు చదువు రాదు. ఎవరు చదువుతారని పాస్టరుగారు అడగ్గానే, “తెలుగంటే నేనే!” అని లేచాను. నోరు తెలుగే కానీ, నా బడి కన్నడం. రెండు లిపులూ అన్నదమ్ములే కదా అని ధీమా. కాగితం విప్పితే ఆ గొలుసుకట్టు రాతలో ఒక్క ముక్కా అందలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. సొంతంగా అల్లేశాను.

“లీలావతీ, నా అంత మొగుడు బెంగళూరంతా గాలించినా నీకు దొరకడు!”

జనం నవ్వారు. లీలావతి నవ్వలేదు. చెయ్యి చాపి కాగితం తీసేసుకుంది.

“ఆయన ఇట్ల రాయడప్పా. ఆయనకు జంబం లేదు. తెలుగు చదివినోళ్లు ఎవురన్నా ఉండారా?”

పక్కింటి నర్సు జ్యోత్స్న అందుకుని మెల్లగా చదివింది. “లీలా, నిన్ను ఏ పొద్దూ సుఖపెట్టలేదు. మన్నించు.”

“ఇది ఆయనే,” అని లీలావతి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

నేనింకా నిలబడే ఉన్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు.