నాచారంలో అమ్మకానికి పడవ

నాచారం నుంచి మల్లాపూర్ పోయే దారిలో, ఫ్యాక్టరీల వెనక సందులో సారలమ్మ ఇడ్లీ బండి పెట్టుకునేది. పొద్దున్నే బండి నిలబెట్టి, పొయ్యి వెలిగించి, ఆమె చేసే మొదటి పని ఎదురింటి గేటులోంచి తొంగి చూడడం. ఆ వాకిట్లో ఒక తెరచాప పడవ ఉండేది. అది లేచి ఉంటే సందులోని కుక్కలన్నీ దాని కింది నీడలో పడుకునేవి. దిగే వేళయితే సారలమ్మే గరిటె పట్టుకుని పోయి, "లెవ్వున్రి, లెవ్వున్రి, మీద పడ్తది" అని వాటిని అదిలించి వచ్చేది.

పడవ రోజుకి రెండుసార్లు లేచేది. సముద్రంలో పోటు వేళకి మనిషి నడుమెత్తు పైకొచ్చి, చిన్నగా ఊగుతూ నిలబడేది. పోటు తీయగానే మళ్ళీ దిమ్మల మీదకి దిగేది. అమావాస్యకీ పున్నానికీ ఇంకాస్త ఎక్కువ లేచేది. నాచారానికి సముద్రం ఎంత దూరమో బళ్ళో చదివిన వాళ్ళందరికీ తెలుసు. అయినా ఆ సందులో ఎవరూ అబ్బురపడింది లేదు. నల్లా నీళ్ళు ఏ రోజొస్తాయన్నదే వాళ్ళకి పెద్ద ముచ్చట.

పడవ పాండురంగం గారిది. ఆయనది భువనగిరి. రైల్వేలో బోగీలకి రంగులేసే విభాగంలో ఇంజినీరుగా చేసి కొత్తగా రిటైరయ్యాడు. కుర్రతనంలో విశాఖపట్నంలో ఉద్యోగం చేసేటప్పుడు, ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరి సగంలో మొహం మొత్తిన ఒక తెల్లవాళ్ళ జంట దగ్గర దాన్ని కొన్నాడు. లోపల ఇద్దరు పడుకునే చోటు, చిన్న పొయ్యి, దిక్సూచి, అన్నీ ఉన్నాయి. హైదరాబాదుకి బదిలీ అయినప్పుడు పెద్ద ట్రైలరు మీద దాన్నీ వెంట తెచ్చుకున్నాడు. అది మొదలు ప్రతి ఆదివారం కొయ్యకి వార్నిష్, ఇత్తడికి చింతపండు, తాళ్ళకి ఎండ. చెప్పులతో ఎక్కితే దేవుడైనా తిట్లు తినాల్సిందే. దసరాకి పడవ ముందు గుమ్మడికాయ కొట్టేవాడు. భార్య పుట్టినరోజు ఎప్పుడని అడిగితే మాత్రం ఆధార్ కార్డు వెతికేవాడు.

"సారు గంత పానం పెట్టి సూస్కుంటడు గనకనే అది లేస్తది" అని సందు సందంతా అనేది. పాండురంగం మీసాల్లో నవ్వుకునేవాడు. కాదని ఏనాడూ అనలేదు.

ఆయన భార్య దుర్గాభవాని. ఉప్పాడ దగ్గర ఒక పేటలో చేపలు పట్టేవాళ్ళింటి పిల్ల. ఇద్దరిదీ ప్రేమ పెళ్ళి. ఆ పేటలో ఒక ఆనవాయితీ ఉంది. బయటికిచ్చిన ఆడపిల్లని మొగుడు ఒక్కసారైనా పడవలో తీసుకొచ్చి, చెయ్యి పట్టుకుని పుట్టింటి ఒడ్డున దించాలి. అలా దించేదాకా ఆమె ఆ ఇంటికి చుట్టమే గానీ ఆడపడుచు కాదు. శుభకార్యానికి పేరు పెట్టి పిలవరు. కొత్త పడవని నీళ్ళలోకి దించేటప్పుడు కొబ్బరికాయ చేతికివ్వరు. పెళ్ళినాడు ఆమె నాన్న అల్లుడి భుజం మీద చెయ్యేసి, "నీకూ ఓ పడవుందంట కదా బాబూ, ఇంక నాకు దిగులేటి?" అన్నాడు. "వచ్చే దీపావళికి దించుత మామా" అన్నాడు పాండురంగం.

ఎన్ని దీపావళులు పోయాయో అడక్కండి. ఓ ఏడు లీవు దొరకలేదు. ఓ ఏడు తుఫాను. ఓ ఏడు చుక్కాని బిగువు తప్పింది. ఆ తర్వాత "రిటైరైనంక" అన్న మాటొకటి పట్టుకున్నాడు. ఆమె అన్నిటికీ తలూపింది. పాత తెరచాపలు పనికిరాకపోతే మిషను మీద కొత్తవి తనే కుట్టింది. పరుపులకి గలీబులు మార్చింది. నాన్న పోయినప్పుడు రైల్లో వెళ్ళి, ఓ మూల చుట్టంలా కూర్చుని ఏడ్చి వచ్చింది. ఆమె తిరిగొచ్చేదాకా నాచారంలో పడవ లేవలేదు. "అష్టమి పోటు గద, బలం లేదు" అని తేల్చేశాడు పాండురంగం.

సరే, రిటైరయ్యాడు. సన్మానం అయింది, శాలువా బీరువాలోకి పోయింది. దుర్గాభవాని పడవలోకి ఉప్పూ పప్పూ బియ్యం సర్దడం మొదలుపెట్టింది. అప్పుడొచ్చింది సారలమ్మ, ఫోను పట్టుకుని.

"దుర్గక్కా, గిది మీ పడవనే గదా?"

ఫొటో వాళ్ళ పడవదే. కింద రాసి ఉంది: 'అమ్మకానికి తెరచాప పడవ. కన్నబిడ్డ లెక్క చూసుకున్నది. అన్నీ మంచి కండిషన్‌లో ఉన్నవి. నాచారం వచ్చి చూసుకోగలరు.'

దుర్గాభవాని వాకిట్లోకి వచ్చింది. పాండురంగం గుడ్డ పట్టుకుని ఇత్తడి తుడుస్తున్నాడు.

"పడవ అమ్మేస్తున్నారా?"

"నీకు సెప్దామనే అనుకుంటున్న."

"ఎప్పుడు? ఊరందరికీ చెప్పేశాకా?"

"బోడుప్పల్‌ల ఫ్లాట్ జూసిన దుర్గా. లిఫ్టుంటది. నీ మోకాళ్ళకు గూడ..."

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. మా ఒడ్డున దించుతానన్న మాట ఏమైందండీ?"

పాండురంగం తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. తలెత్తకుండానే అన్నాడు.

"నాకు ఈత రాదు."

ఓరి భగవంతుడా! ఇన్నేళ్ళ వార్నిష్ అందుకన్నమాట. పని మిగిలి ఉన్నంతకాలం బయల్దేరక్కర్లేదు. రిటైరయ్యాక సాకులు అయిపోయాయి, అందుకని పడవనే వదిలించుకుంటున్నాడు. దుర్గాభవానికి కోపం కంటే ముందు సిగ్గేసింది, ఇంతకాలం ఈ మనిషి మాట నమ్మి పుట్టింట్లో తలొంచుకు కూర్చున్నందుకు.

"ఈ ముక్క పెళ్ళినాడు చెప్పుంటే నేనే నేర్పేదాన్ని కదండీ" అని ఏడ్చింది.

ఆయన ప్రకటన మాత్రం తియ్యలేదు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అన్నారా? వచ్చినవాడల్లా ఒక వంక పెట్టాడు. ఒకడు మైలేజీ ఎంతన్నాడు. ఇంకొకడు లోపలి పొయ్యి ఆగ్నేయంలో లేదన్నాడు. చివరికి బాలరాజు వచ్చాడు. బోడుప్పల్‌లో ప్లాట్లు అమ్మి పైకొచ్చిన మనిషి, చర్లపల్లి అవతల కొత్తగా రిసార్టు తెరిచాడు. సరిగ్గా పోటు వేళకే వచ్చాడు. ఆయన చూస్తుండగానే పడవ లేచింది.

"గిదన్నా నాకు గావాల్సింది!" అన్నాడు తొడ చరిచి. "ఆయితారం ఆయితారం ఫ్యామిలీలొస్తయ్. పడవ లేస్తది, పోరగాండ్లు సప్పట్లు గొడ్తరు. మస్తు నడుస్తది."

మంచిరోజు చూసి క్రేను తెచ్చారు. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి తీసుకుపోయారు. కొబ్బరికాయ బాలరాజు భార్య కొట్టింది. దుర్గాభవాని గుమ్మంలో నిలబడి చూసింది.

రిసార్టులో నీలం టైల్స్ వేసిన గుంటలో దిమ్మలు కట్టి పడవని కూర్చోబెట్టారు. లేవలేదు. మర్నాడూ లేవలేదు. సిద్ధాంతిని పిలిస్తే, పడవ ముక్కు దక్షిణానికి ఉంది కాబట్టే లేవట్లేదన్నాడు. తూర్పుకి తిప్పారు. దిష్టి అని తెరచాప కొయ్యకి గుమ్మడికాయ కట్టారు. అమావాస్య దగ్గరపడుతున్నా పడవ దిమ్మల మీద నుంచి వెంట్రుక వాసి కదలలేదు. బాలరాజు ఫోను మీద ఫోను.

"ఏంది సార్, గిట్ల మోసం జేసిన్రు? పడవ వాపస్ తీస్కొని నా పైసలు నాకియ్యున్రి."

ఇక్కడ నాచారంలో ఇంకో సంగతి జరుగుతోంది. పడవ పోయిన మర్నాడు పోటు వేళకి దుర్గాభవాని వంటింట్లో ఖాళీ బిందెలు లేచాయి. పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలు లేచి గోడకి తగులుకుంటూ ఊగాయి. ఆమె చింతపండు కోసం సారలమ్మ ఇంటికి వెళితే అక్కడ ఇడ్లీ పిండి టబ్బు లేచింది. ఆమె ఇంటికొచ్చేసరికి టబ్బు దిగింది. సారలమ్మ ఊరుకుంటుందా, వెనకాలే వచ్చింది.

"పోటు పడవకు రాలేదక్కా. నీ ఎంబడి వస్తుంది."

"నాకు తెలుసు" అంది దుర్గాభవాని.

"మరి ఇన్నొద్దులు సెప్పకపోతివి!"

"ఎవరైనా అడిగారా?"

సొమ్మొకడిది సోకొకడిది. ఇన్నేళ్ళూ పొగడ్తలు ఆ మీసాలకి, పోటు ఈమెది. పాండురంగం కిటికీలోంచి కుర్చీలు ఊగడం చూశాడు. సారలమ్మ మాటా విన్నాడు. పెద్ద చదువులు చదివినవాడు, అర్థం కాకపోవడమేమిటి? ఇంకో మనిషైతే ఆ పూట పెళ్ళాం మొహం చూడలేక బజారుకి పోయి ఉండేవాడు. ఈయన ఫోను తీసి బాలరాజుతో మాట్లాడి, నవ్వు మొహంతో లోపలికొచ్చాడు.

"ఆయితారం ఆయితారం కారు పంపిస్తడట దుర్గా. నువ్ పడవల కూసుంటే సాలు, ఇంకేం పని లేదు. అన్నం గూడ ఆడనే."

దుర్గాభవాని చేతిలో బిందె కింద పెట్టింది.

"నన్ను కూడా కలిపి అమ్మేశారా?"

"గట్లెందుకంటవ్? ఫ్లాట్‌కు కట్టేసిన. ఇప్పుడు వాపస్ ఇయ్యాలంటే యాడికెల్లి తేవాలె?"

ఆమె బిందెని గోడ వారకి జరిపి, నెమ్మదిగా అంది.

"వస్తాను. కానీ మీరూ నాతో పడవెక్కాలి."

"సరే తీయ్" అన్నాడాయన. 'వచ్చే దీపావళికి' అన్నంత సులువుగా అన్నాడు.

ఆదివారం, పైగా అమావాస్య. రిసార్టు నిండా జనం. ఒక పక్క డీజే, ఒక పక్క బిర్యానీ. దుర్గాభవాని పడవెక్కి చుక్కాని పక్కన కూర్చుంది. పాండురంగం గుంట గట్టు మీద తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కండి" అంది.

"నువ్ కూసో. ఎవలన్న తాడు పట్టాలె గదా."

పోటు వచ్చింది. పడవ దిమ్మలు వదిలి లేచింది. పిల్లలు కేరింతలు కొట్టారు, ఫోన్లన్నీ పైకి లేచాయి. బాలరాజు మైకు పట్టుకుని ఎగిరి గంతేశాడు.

"ఎక్కండి. ఇంకా అందుతుంది" అంది దుర్గాభవాని, చెయ్యి చాపి.

పాండురంగం ఆ చేతిని చూశాడు. తర్వాత బాలరాజు వైపు చూశాడు. "సార్, తాడు ఇడువకున్రి!" అని మైకులో అరిచాడు బాలరాజు. పాండురంగం తాడుని మణికట్టుకి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

అదీ ఆమె చూసింది. మొగుడు పిరికివాడని తెలిసినప్పుడు ఏడ్చిన మనిషి, ఇప్పుడు ఏడవలేదు. లేచి తన వైపు ముడి విప్పేసింది. తను కుట్టిన తెరచాప ఎత్తింది. పోటు తీయడం మొదలైంది, పడవ రిసార్టు గోడ దాటి తూర్పుకి సాగింది. పిల్లలు టాటా చెప్పారు. తల్లులు బిర్యానీ చల్లారిపోతుందని పిల్లల్ని లాక్కుపోయారు. బాలరాజు కాసేపు నెత్తి గోక్కుని, ఇప్పుడు మ్యాజిక్ షో ఉంటుందని మైకులో చెప్పాడు.

పడవ భువనగిరి గుట్ట పక్క నుంచి, సూర్యాపేట మీదుగా, గోదావరి దాటి పోయింది. పొలాల్లో పని చేసుకునేవాళ్ళు నీడ పడితే తలెత్తి చూసి, మళ్ళీ నాట్లలో పడ్డారు. మర్నాడు పొద్దుటి పోటుకి ఉప్పాడ ఒడ్డుకి చేరింది. దుర్గాభవాని లంగరు వేసింది. పేటంతా ఇసుకలోకి వచ్చింది. చెల్లెలు చంద్రిక మోకాలి లోతు నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చి ఆగింది.

"బావేడక్కా?"

ఒడ్డు మీద నుంచి పెద్దాయనొకడు కేకేశాడు.

"ఈ పూట కాపోతే రేపైనా రానియ్యమ్మా. ఆయనొచ్చి చెయ్యందిత్తే చాలు. మేం ఉంటాం."

దారి పొడుగునా ఆమె అదే ఆలోచించింది. కోపం సూర్యాపేట దగ్గరే సగం దిగింది. చెడ్డవాడేం కాదు, భయస్తుడు. భయస్తుడికి ఈత ఎందుకు, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చెయ్యందిస్తే చాలు. రాత్రి రైలెక్కితే పొద్దునకల్లా వచ్చేస్తాడు. ఇన్నాళ్ళు ఆగింది, ఒక్క రాత్రి పడవలోనే పడుకోలేదా? అందుకే ఫోను తీసి చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"దుర్గా! పడవకేం గాలే గదా?"

ఆమె వింది.

"కింద అడుగు యాడన్న తగిలిందా? ఉప్పునీళ్ళల్ల ఎక్కువసేపు ఉంచకు, వార్నిష్ పోతది. హలో? దుర్గా? ఇనవడ్తుందా?"

వినపడుతూనే ఉంది. ఫోను పెట్టేసింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఎవరి చెయ్యీ లేకుండా, నీళ్ళలోకి దిగి ఒడ్డుకి నడిచింది. ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, ఆనవాయితీ ఆనవాయితీయే. చంద్రిక అక్కని పుట్టింటి వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చుట్టాలకిచ్చే స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది.

"ఎన్నాళ్ళుంటావక్కా?" అనడిగింది, చుట్టాల్ని అడిగినట్టే.

దుర్గాభవాని నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఇంక వెళ్ళను" అంది.