ఏ కోడి కావాలో ఆయనే చెప్పాలి

మా ఇంట్లో నోరు మూసుకోవడం ఎవరికీ చేతకాదు. నేను మొదలుపెడితే అత్తయ్య అందుకుంటుంది. అత్తయ్య ఊపిరి పీల్చుకునేలోపు మా అమ్మాయి దూరుతుంది. ఒకరి మాట పూర్తి కాకముందే ఇంకొకరు పూర్తి చేసేస్తాం. మా ఆయన మాత్రం మొదటినుంచీ అంతంతమాత్రమే మాట్లాడేవారు. బస్సు డ్రైవరు కదా, రోజంతా హారన్ల మోత విని ఇంటికొస్తే ఇక్కడ మా మోత. అన్నం తింటూ మమ్మల్ని చూసి నవ్వేవారు, అంతే.

ఆ మనిషికి ఒక సాయంత్రం డ్యూటీ దిగొచ్చి చెప్పులు విప్పుకుంటూండగా పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, కాలూ పడిపోయాయి, మాట పడిపోయింది. కాలు మెల్లగా దారిలోకొచ్చింది. చేతి సంగతి చెప్పలేమన్నారు డాక్టర్లు. మాట వస్తుంది, కానీ ఆయన ప్రయత్నిస్తేనే వస్తుంది, అదీ ఈ కొన్ని నెలల్లోనే అన్నారు. ఈయనేమో ప్రయత్నించడం మానేశారు. అదీ నా ఏడుపు.

ఆస్పత్రిలో మాటలు నేర్పే మేడమ్ ఒకావిడ ఉంది. నన్ను పక్కకి పిలిచి కడిగేసింది.

"ఆయన పెదవి కదిపేలోపు మీరే చెప్పేస్తున్నారమ్మా. నీళ్లా, కాఫీయా అని అడుగుతారు. నీళ్లేలే అని మీరే గ్లాసు అందిస్తారు. ఇంక ఆయనకి మాటతో పనేముంది? ఆయన చెబితేనే జరిగే పని ఒక్కటి పెట్టండి. అడగండి, ఆగండి."

"ఎంతసేపు?" అన్నాను.

"చూశారా, అప్పుడే ఆగలేకపోతున్నారు."

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆవిడ చెప్పింది నిజం.

ఇంటికొస్తుంటే కోళ్ల సంగతి గుర్తొచ్చింది. ఉద్యోగం అయిపోయాక పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకుంటానని ఈయన అప్పుడప్పుడూ అంటుండేవారు. కోడి రోడ్డు దాటుతుంటే బస్సు ఆపేసి, వెనక జనం తిడుతున్నా అది దాటేదాకా చూసే రకం. సరే, కోళ్లే పెంచుదాం. గూడు మేం కట్టిస్తాం. ఏ జాతి కోళ్లో మాత్రం ఆయనే చెప్పాలి, నోటితో చెప్పాలి. చెప్పకపోతే గూడు ఖాళీగానే ఉంటుంది. నాకు పిచ్చెక్కిందని మా చెల్లెలు మొహం మీదే అంది. ఎక్కితే ఎక్కింది. నాకు ఇంకో దారి కనిపిస్తే కదా!

వడ్రంగి వచ్చి గూడు కట్టాడు. మా అమ్మాయి ఫోన్లో రకరకాల కోళ్ల బొమ్మలు చూపించింది. ఆయన ఒక్కో బొమ్మా శ్రద్ధగా చూశారు, పెదవి మాత్రం కదపలేదు. రోజులు గడిచిపోతున్నాయి. డాక్టర్లు చెప్పిన నెలలు కరిగిపోతున్నాయి. నేను వంటింట్లో పోపు మాడగొట్టి, ఆ పొగ వంకతో ఏడ్చేదాన్ని. బొమ్మలతో కాదని ఒక ఆదివారం అందరం ఆటో ఎక్కి కోళ్లమ్మే షెడ్డుకి బయల్దేరాం.

పొడుగాటి రేకుల షెడ్డు. రెండు వైపులా తీగ జాలీ గదులు, కింద పొట్టు, గాలంతా దాణా దుమ్ము. ఆయన్ని ఒక స్టూలు మీద కూర్చోబెట్టాం. కోళ్లాయనకి నోరు మాకంటే పెద్దది.

"ఇవి తెల్ల లెగ్‌హార్న్‌లక్కా, గుడ్ల మిషన్లు. తిండి తక్కువ, గుడ్లు ఎక్కువ. అవి ఎర్రకోళ్లు, ఎండకీ చలికీ తట్టుకుంటాయి. అదిగో, నెత్తిమీద జుట్టున్నవి, చిన్నపిల్లలు వదలరనుకో."

"నాన్నా, జుట్టువి! వాటికి కళ్లు కూడా కనపడట్లేదు చూడు, ఎంత ముద్దొస్తున్నాయో," అంది మా అమ్మాయి.

"జుట్టెందుకే, జడలేస్తావా? పొదిగే కోడి కావాలి. పిల్లల్ని లేపే కోడి లేని పెరడు పెరడే కాదు," అంది అత్తయ్య.

"పిల్లలూ వద్దు, గిల్లలూ వద్దు. ఆయనకి రోజూ గుడ్డు పెట్టమన్నారు. ఈ తెల్లవే నయం," అన్నాను నేను.

ఇంకేముంది, ముగ్గురం మొదలుపెట్టాం. కోళ్లాయన నాలుగోవాడయ్యాడు. కోళ్లు కూడా మాకు భయపడి మూలకి చేరాయి. ఎంతసేపు అరుచుకున్నామో ఏమో, తిరిగి చూస్తే స్టూలు ఖాళీగా ఉంది. ఆయన గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ ఆటో వైపు వెళ్లిపోతున్నారు.

పరిగెత్తి ఎదురుగా నిలబడ్డాను.

"ఏమండీ, తప్పయిపోయింది. రండి. ఈసారి ఎవరూ నోరెత్తరు. నోరెత్తితే నా మీద ఒట్టు."

ఆయన నా వైపు చూసిన చూపు ఏ శత్రువుకీ వద్దు. అందులో కోపం లేదు. ఉంటే బావుండును. చెయ్యి పట్టుకుని తెచ్చి మళ్లీ కూర్చోబెట్టాను.

కోళ్లాయన ఒక తెల్ల పెట్టని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు. ఆయన ఎడం చెయ్యి దాని మీద వేశారో లేదో, అది కెవ్వుమని ఎగిరి వాసం మీద కూర్చుంది.

"ఇవి తీసుకుందామాండీ?" అని అడిగి పళ్లు బిగించాను. దేవుడా, ఆగడం అంటే ఇంత నరకమా! నా నాలుక మీద 'సరే' వచ్చి కూర్చుంది. మింగేశాను. అత్తయ్య చేత్తో తన నోరు తనే మూసుకుంది. ఆయన పెదవులు వణికాయి. మెడ నరం ఉబ్బింది.

"వ... వద్దు."

అమ్మాయి ఎగిరి గంతేసింది. అత్తయ్య కోళ్లాయన్నే కౌగిలించుకుంది. పక్షవాతం వచ్చాక ఆయన నోట అర్థమయ్యేలా వచ్చిన మొదటి మాట అది. నేను వెంటనే ఎర్రకోడిని తెమ్మన్నాను. అది ఆయన చేతిని పొడిచి దూకేసింది. "ఇది?" "వద్దు." జుట్టుకోడి కళ్లు కనపడక బెదిరి, రెక్కలు కొట్టుకుంటూ ఆయన మొహం మీదుగా దాటిపోయింది. "ఇది?"

"వద్దు."

అప్పటికి మా సంతోషం చల్లారిపోయింది. ఆ మాట ఒక్కోసారీ ఇంకాస్త తేలిగ్గా వస్తోంది, ఆయన మొహం ఇంకాస్త నల్లబడుతోంది. మాట తిరిగొచ్చింది సరే, దాంతో అన్నిటినీ వద్దనడమే చేస్తారా? కోళ్లని వద్దంటున్నారా, మమ్మల్నా, అసలు బతకడాన్నా?

"నా దగ్గర మంచివి ఇంతేనక్కా," అన్నాడు కోళ్లాయన బట్టలు దులుపుకుంటూ.

అంతే, నాలో ఏదో తెగిపోయింది.

"మరేం కావాలండీ మీకు? చెప్పండి! కోడి వద్దు, గుడ్డు వద్దు, అన్నం వద్దు, మేం వద్దు! పొద్దున లేచిన దగ్గర్నుంచీ మీ పెదాల వంకే చూస్తూ చచ్చిపోతున్నాను. ఒక్క మాట కోసం నేను..."

ఎంత ప్రయత్నించినా నోరు పెగలలేదు. పొట్టులోనే కూలబడ్డాను. మా ఇంటి ఆడవాళ్లం ముగ్గురం ఒకేసారి మాట లేకుండా ఉండటం నాకు తెలిసి అదే మొదలు.

ఆయన ఎడం చేత్తో కుడి చేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నారు. దాన్ని చూపించారు. చాలాసేపు పట్టింది.

"ప... పట్టు... కోలేను."

మేం గుడ్లు లెక్కపెట్టాం, రంగులు చూశాం, జుట్టు చూసి మురిశాం. ఒంటిచేతి మనిషి కోడినెలా పట్టుకుంటాడని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఎగిరేదాని తర్వాత పొడిచేది, పొడిచేదాని తర్వాత బెదిరేది తెచ్చి ఆయన ఒళ్లో పడేసి, ఆ చెయ్యి పనికిరాదని ఆయనకి మళ్లీ మళ్లీ చూపించాం.

"ఎగరని కోడి లేదా నాయనా?" అంది అత్తయ్య, గొంతు చాలా తగ్గించి.

కోళ్లాయన తల గోక్కున్నాడు. "వెనకాల కొచ్చిన్ జాతి కోళ్లున్నాయమ్మా. మూరెడు ఎత్తు కూడా ఎగరలేవు, పెడితే పెట్టినచోటే కూర్చుంటాయి. కానీ తిండి ఎక్కువ, గుడ్లు తక్కువ. తీసుకెళ్లినవాళ్లు తిట్టుకుంటారని ఎవరికీ చూపించను."

"మేం తిట్టుకోం. తీసుకురా."

తెచ్చాడు. బూడిద రంగుది, కాళ్ల నిండా ఈకలు, దిండంత ఉంది. ఆయన ఒళ్లో పెడితే తీరిగ్గా కూలబడి మమ్మల్నందర్నీ ఒకసారి చూసింది. ఆయన ఎడం చెయ్యి మెల్లగా దాని పొట్ట కిందికి తోశారు. ఎత్తబోయారు. బరువుకి చెయ్యి వణికింది. కోడి ఒక పక్కకి ఒరిగింది, రెక్క విప్పింది, జారుతోంది. నేను ఒక్క ఉదుటున లేచి రెండు చేతులూ చాచాను.

ఆయన తలెత్తి సూటిగా నా కళ్లలోకి చూశారు.

"నే... నేను."

నేను చేతులు వెనక్కి తీసేసుకున్నాను. కోడి ఇంకా జారుతూనే ఉంది.