కలవని బ్రాంచ్

షుగర్ ముదిరి గురులింగప్పకు చూపు పోయింది. జహీరాబాద్‌లో ఆయన నడిపిన బట్టల దుకాణం ఇప్పుడు భార్య మహాదేవమ్మ చూసుకుంటోంది. చిరాగ్‌పల్లిలో ఉండే ఆయన చిన్ననాటి దోస్తు శివరాజ్‌కు గొంతు ఆపరేషనై మాట పోయింది. అందుకని శివరాజ్ ఫోన్లో రాసి పంపుతాడు, గురులింగప్ప ఫోన్లోని యాప్ అది పైకి చదువుతుంది.

శివరాజ్ మాట్లాడినట్టే రాస్తాడు. యాప్‌కు ఆ తెలుగు రాదు. ‘వచ్చిన్రు’ అనే మాటను ముక్కలు చేసి, ఒక్కో అక్షరం అప్పజెప్పినట్టు చదివేది. గురులింగప్పకు సగం అర్థమయ్యేది కాదు.

ఆయన మేనకోడలు అక్షత వాళ్లింట్లోనే ఉంటూ, ఇంటి నుంచే ఒక కంపెనీకి ప్రోగ్రామింగ్ పని చేస్తుంది. ఆ యాప్ కోడ్ అందరికీ తెరిచి పెట్టిందే, ఎవరైనా బాగుచేసి పంపొచ్చు. అక్షత దాన్ని ఫోర్క్ చేసింది.

“అంటే ఏంది బిడ్డా?”

“మన సొంత నకలు మామా. దీంట్ల ఏం చేసినా అసలుదానికి ఏం గాదు. మంచిగుంటే వాళ్లే మనది అసలుదాంట్ల కలుపుకుంటరు.”

తోచిన మార్పులన్నీ నకలులోని మెయిన్ అనే మూల పాయలోనే చేసి పంపింది. ప్రాజెక్టు చూసే పీటర్ తిప్పి పంపాడు. ‘అన్నీ కలగలిపితే చూడలేం. మెయిన్‌ను ముట్టకుండా, ఒక్కో పనికి ఒక్కో బ్రాంచ్, అంటే విడి పాయ, తీసి పంపండి’ అన్నాడు. నిజమే అనుకుని, మాటల యాసకు సంబంధించినదంతా విడిగా ఒక బ్రాంచ్‌లో పెట్టి మళ్లీ పంపింది. ఆ లోపు తను మార్చిన యాప్‌నే మామ ఫోన్లో ఎక్కించింది.

“ఏం రా గురులింగా, తిన్నవా? మా కోడలు అల్లం తవ్వనీకి పోయింది, ఇంట్ల నేను, పిల్లి. జర తీరినంక రాస్త” అని చదివింది ఫోను.

గురులింగప్ప పగలబడి నవ్వాడు. “అచ్చం వాడే! మళ్ల పెట్టు బిడ్డా.”

పీటర్ వాళ్లు చూసేసరికి కోడ్‌లో అవే వరసల్లో ఇంకెవరో మార్పులు చేశారు. అక్షత కూర్చుని రెండూ పొసగేలా సర్దింది. మళ్లీ ఎదురుచూపు, మళ్లీ అదే తంటా. చివరికి పీటర్ నుంచి జవాబొచ్చింది. ‘చదివే ఇంజనే మార్చేశాం. మీరు సరిచేసిన ఫైళ్లు ఇప్పుడు లేవు. మీ పనిలో తప్పేం లేదు, దాన్ని కలపడానికే చోటు లేదు. మన్నించండి.’

తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు. మామ దగ్గర తనది ఉంది కదా అని సర్దుకుంది. కొన్నాళ్లకు ఫోను అప్‌డేట్ అయింది. ఆమె యాప్ తెరుచుకోవడం మానేసింది. దానికి విరుగుడు అసలు ప్రాజెక్టులో ఉంది, కానీ కొత్త ఇంజన్‌తో పెనవేసుకుని ఉంది. అదొక్కటే తెచ్చుకుందామని ఆదివారమంతా కూర్చుంది. ఒకటి అతికితే రెండు ఊడాయి.

“ఏమైంది బిడ్డా? సప్పుడు జేస్తలేవు?”

“అసలుది శానా ముందుకు పోయింది మామా. నాది ఆడనే నిలవడ్డది. రెండిట్ని కలపనీకి నాతోని అయితలేదు.”

“నువ్వేం జేస్తవు మరి. ఫికర్ జెయ్యకు” అన్నాడు గురులింగప్ప.

చివరికి అక్షత అసలు యాప్ కొత్త రూపాన్నే మామ ఫోన్లో ఎక్కించింది. గొంతు తియ్యగా ఉంది, యాస మాటలు మాత్రం మింగేస్తోంది. మహాదేవమ్మే ఫోన్ చేసి శివరాజ్ కోడలికి చెప్పింది, ఇకనుంచి మీ మామను పుస్తకాల తెలుగులో రాయమనండని.

మర్నాడు ఫోను ఒక్క అక్షరం తప్పకుండా చదివింది. “గురులింగప్ప గారికి నమస్కారము. మీ ఆరోగ్యము ఎట్లున్నది? ఇక్కడ వర్షము కురియుచున్నది.”

గురులింగప్ప చెవి దగ్గర పెట్టుకుని ఇంకాసేపు ఆగాడు. ఇంకేమీ రాలేదు.

“ఎవరు పంపిన్రు బిడ్డా?”

“శివరాజ్ మామనే.”

ఆయన ఫోనును మంచం మీద బోర్లా పెట్టాడు. అక్షత వచ్చి ఆయన పక్కనే కూర్చుంది.