పద్నాలుగో ప్రశ్న దాకా

“ఆ మహాతల్లిని తీసేస్తే తప్ప ఈ సీరియల్ బాగుపడదు,” అన్నాడు భర్త, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే.

భార్య ఆయన చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆపింది. ఆపితే కాలరు మాడుతుందని గుర్తొచ్చి మళ్ళీ కదిపింది. హాలుకూ వంటింటికీ నడుమ గుమ్మంలో ఇస్త్రీబల్ల వేసుకుని నిలబడితే టీవీ ముప్పాతిక భాగం కనిపిస్తుంది. మిగిలిన పావుకు భర్త తల అడ్డం. వారానికి మూడు సాయంత్రాలు వచ్చే ‘నాలుగో పీరియడ్’ను ఆమె మొదటి భాగం నుంచీ అలాగే చూస్తోంది. ఆమె వెనక వంటింట్లో, ముక్కాలి పీట మీద కూర్చుని, నవ్వొచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటూ అత్తగారు చూస్తారు.

అది కాలేజీ అధ్యాపకుల మీద కొత్తగా మొదలైన హాస్య ధారావాహిక. మీటింగుల్లో కునికే ప్రిన్సిపాలు, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఊరంతా వెతికే ఫిజిక్సు మాస్టారు, విద్యార్థులు రాకపోతే కుండీలోని మొక్కకే పాఠం చెప్పే బోటనీ ఆయన. వాళ్ళందరి మధ్యా ఒక్కతే స్త్రీ, కెమిస్ట్రీ ప్రొఫెసరు. ఆ రోజు భాగంలో స్టాఫ్ మీటింగుకు కెటిల్ నిండా టీ వచ్చింది. పోసేవాళ్ళు లేరు. ఏడుగురు మగవాళ్ళూ మాటలాపి ఆమె వైపు చూశారు. ఆమె దిద్దుతున్న పేపరులోంచి తలెత్తి, “దాని పిడి చెక్కదే, కాలదు,” అని చెప్పి మళ్ళీ దిద్దుకుంది. అంతే. ఎవరూ కదలలేదు. భాగం ముగిసేదాకా ఆ టీ బల్ల మధ్యలో అలా చల్లారుతూనే ఉంది.

“మా కాలేజీలో అయితే ఇలాంటిది వారం కూడా నిలవదు,” అన్నాడు భర్త.

నిజమే. ఆ కాలేజీలోనే ఆమె ఎనిమిదేళ్ళు చరిత్ర చెప్పింది. ఎనిమిదేళ్ళూ నిలిచింది. ఎనిమిదేళ్ళూ టీ పోసింది.

తర్వాత ఆయన డాక్టరేటుకు చేరాడు. “ఇద్దరిలో ఒకరు ఇంటిపట్టున ఉండాలి కదా,” అన్నాడు. ఆ ‘ఒకరు’ ఎవరన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఆమెకే తట్టలేదంటే ఇతరులను అనడం దేనికి? నాలుగు వందల పేజీల ఆయన సిద్ధాంత గ్రంథాన్ని ఆమె టైపు చేసింది, తేదీల్లో దొర్లిన తప్పులను అడక్కుండానే సరిచేసింది. ఆయన పేరు ముందు డాక్టరు చేరింది. ఆమె పేరు క్రమంగా వాడుకలోంచి పోయింది. పన్నెండేళ్ళ తర్వాత, అత్తగారి మోకాళ్ళు కాస్త కుదుటపడ్డాక, మధ్యాహ్నాలు మాత్రమే ఉండే ఒక ఉద్యోగం చూసుకుంది. ఇంటికి ఎవరైనా వచ్చి అడిగితే భర్తే జవాబు చెబుతాడు: “ఏదో కాలక్షేపం. ఫోన్లు చేస్తూంటుంది.”

ఆమె ఫోన్లు చేసేది ‘నాలుగో పీరియడ్’ చూసేవాళ్ళకే. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికి ఎవరైనా అడగాలి గదా.

మూడో అంతస్తులో కిటికీలు లేని గది. ఎనిమిది బల్లలు, స్పాంజి చిరిగిన ఎనిమిది హెడ్‌ఫోన్లు. ఎదుటి తెర మీద పద్నాలుగు ప్రశ్నలు: ఇంట్లో ఎందరు చూస్తారు, ఏ పాత్ర నచ్చింది, ఏది నచ్చలేదు, ఎందుకు, ఇలా సాగి చివరి ప్రశ్న వయసు దగ్గర ఆగుతాయి. పద్నాలుగో ప్రశ్నకు జవాబు పడితేనే ఆ ఫోను లెక్కలోకి వస్తుంది. మధ్యలో తెగితే దాని రికార్డింగు ‘అసంపూర్ణం’ అనే మరో ఫైలులోకి దానంతట అదే పోతుంది. ఆ ఫైలు తెరిచే అలవాటు ఎవరికీ లేదు.

“అడగండమ్మా, అడగండి. సాయంత్రం దాకా నాకు వేరే పనేముంది?” అన్నాడు ఒక రిటైర్డ్ పెద్దమనిషి. “టీ పోస్తే చెయ్యి అరిగిపోతుందా ఆవిడకి? మా ఇంట్లో ఉంటే తెలిసొచ్చేది.”

“మా ఆవిడ ఈ మధ్య ఎదురు చెబుతోందండీ. అంతా ఈ సీరియల్ మహిమే,” అన్నాడు బ్యాంకులో పనిచేసే ఒకాయన. నవ్వుతూనే అన్నాడు గాని, ‘అస్సలు నచ్చలేదు’ అని రాయించాడు.

ఆడవాళ్ళు మరో విధంగా మాట్లాడేవారు. ఉన్న కాస్త వ్యవధిలో మూటంతా విప్పెయ్యాలన్నట్టు గబగబా. “ఆవిడంటే ప్రాణమండీ! ఆ చూపే చూపు! అయ్యో, పాలు…” “నచ్చిందండీ. ఎందుకంటే… ఆఁ, వస్తున్నా మామయ్యా! ఒక్క నిమిషం ఉండండమ్మా.” ఆ ఒక్క నిమిషం ఎన్నటికీ పూర్తయ్యేది కాదు.

ఆ గది పెత్తనం ఒక సూపర్‌వైజరుది. ఏ మాటనైనా నూటికింత అని చెప్పడం వల్ల ఆయనకు ‘శాతాలాయన’ అన్న పేరు స్థిరపడింది. సోమవారం ఆయన గది మధ్యలో నిలబడి ప్రకటించాడు: కెమిస్ట్రీ మేడమ్ నచ్చలేదన్నవాళ్ళు నూటికి అరవై దాటితే ఛానెల్ వాళ్ళు ఆ పాత్రను బదిలీ చేసి పంపించేస్తారట. ఆవిడ స్థానంలో మిమిక్రీ చేసే మగ లెక్చరరు వస్తాడట. ఇప్పటికి అరవై ఎనిమిది. శుక్రవారం నివేదిక వెళ్ళాలి. “మీ భాష బాగుంటుంది కదమ్మా, నివేదిక మీరే రాసి సంతకం పెట్టండి,” అని ఆమెతో అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం ఒక గొంతు, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా పలికింది.

“ఆ టీ అలా చల్లారిపోతుంటే చూశారూ… నాకు…”

“ఎవరితో?” అంది వెనక ఒక మగ గొంతు. ఫోను తెగింది.

‘నాకు’. ఆ ఒక్క మాట కంట్లో నలుసులా పడింది. నాకు ఏమయింది? నవ్వొచ్చిందా, భయమేసిందా, లేచి వెళ్ళి పోసెయ్యాలనిపించిందా? ఆ సాయంత్రం ఆమె కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. “ధ్యాస ఎక్కడుంటోంది నీకు?” అన్నాడు భర్త. ఎక్కడుందో ఆమెకూ తెలియలేదు. గిన్నెలు కడుగుతూ, దుప్పట్లు మడుస్తూ, తాళాలు చేతిలో పట్టుకుని తాళాల కోసమే వెతుకుతూ, ఆమె ఆ వాక్యాన్ని పది రకాలుగా పూర్తి చేసి చూసింది, ఏదీ అతకలేదు. ఒకప్పుడు తన విద్యార్థులకు చెప్పేది: శాసనంలో ఏముందో ఎవరైనా చదువుతారు, అది ఎవరి మాట చెక్కలేదో మీరు అడగండి, అని. అంత గంభీరంగా చెప్పిన తను, నెల రోజులుగా మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదింటి దాకా ఎందరో ఆడవాళ్ళ మాటను సగంలో విని, తెర మీద ఎర్రగా వెలిగే ‘అసంపూర్ణం’ను చూసి, మరో నంబరు నొక్కుతోంది. ఆ ఎరుపు తనకు అలవాటైపోయింది. అలవాటన్నది ఎంత మర్యాదస్తురాలైన దొంగ!

బుధవారం శాతాలాయనను అడిగింది. “ఆ ఫైలు కూడా చూద్దామండీ.”

“దేనికమ్మా? ఆసక్తి లేక మధ్యలో పెట్టేసినవాళ్ళు వాళ్ళు. నూటికి నూరు పాళ్ళూ వృథా.”

ఆయన భోజనానికి వెళ్ళాక ఆమె ఆ ఫైలు తెరిచింది. ఆ రోజూ మర్నాడూ తన టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా వింది. రెండు వందల అరవై మూడు ఫోన్లు. అందులో కెమిస్ట్రీ మేడమ్ గురించిన ప్రశ్న దాకా వచ్చి జవాబు చెప్పినవాళ్ళు రెండు వందల నలభై మంది, దాదాపు అందరూ ఆడవాళ్ళే. నచ్చిందన్నవాళ్ళు రెండు వందల ఆరుగురు. ఒక తెల్లకాగితం మీద గీతలు గీసుకుని, ఫోను ఎందుకు తెగిందో కూడా రాసుకుంది. భర్త పిలిచాడు. అత్తగారు పిలిచారు. పిల్లవాడు పడ్డాడు. కుక్కరు. వీధి తలుపు. భర్త. మామగారి మందు. భర్త. చివరిదాకా వెతికినా, విసుగొచ్చి పెట్టేసిన ఆడమనిషి ఒక్కతె కూడా దొరకలేదు.

సరిచూసుకుందామని పూర్తయిన ఫోన్ల జాబితా కూడా తెరిచింది. రెండో పేజీలో ఒక నంబరు దగ్గర వేలు ఆగిపోయింది. అది తన ఇంటి నంబరు. పోయిన శనివారం, తనకు సెలవైన రోజున, పక్కబల్ల అమ్మాయి చేసిన ఫోను. హెడ్‌ఫోను చెవికి నొక్కిపెట్టుకుంది.

“ఇంట్లో ఈ సీరియల్ ఎందరు చూస్తారండీ?”

“నేనొక్కడినే,” అన్నాడు భర్త.

ఆయన స్వరం ఎంతో తీరిగ్గా ఉంది. కెమిస్ట్రీ ప్రొఫెసరు పాత్ర వాస్తవానికి దూరమని, తాను స్వయంగా అధ్యాపకుడు గనక సాధికారంగా చెప్పగలనని పద్నాలుగో ప్రశ్న దాకా వివరంగా సెలవిచ్చాడు. ఆ మాటల వెనక ధార కట్టిన కుళాయి చప్పుడు, గిన్నెకు గిన్నె తగిలిన చప్పుడు వినిపిస్తున్నాయి. ఆ గిన్నెలు కడుగుతున్నది ఎవరో గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం పట్టింది. మళ్ళీ వింది. రెండోసారి భర్త మాటలు వినలేదు, కుళాయినే వింది.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది. “శనివారం ఎవరో సర్వే వాళ్ళు ఫోన్ చేశారట కదా?”

“ఆఁ, చేశారు. నీకెవరు చెప్పారు?”

“ఇంట్లో మీరొక్కరే చూస్తారని చెప్పారట.”

“మరి? మీరిద్దరూ పని చేసుకుంటూ ఓ చెవి పడేస్తారు. దాన్ని చూడ్డం అంటారా?”

పీట కిర్రుమంది. “నేను చూస్తానురా,” అన్నారు అత్తగారు వంటింట్లోంచి. “ఆ కెమిస్ట్రీ పిల్ల ఎప్పుడొస్తుందా అని చూస్తాను.”

భర్త నవ్వాడు. “నీకేం అర్థమవుతుందమ్మా అందులో?”

“టీ పొయ్యనందని అర్థం కావడానికి చదువెందుకురా?”

కోడలు వెనక్కి తిరిగి చూసింది. ఇరవై ఏళ్ళుగా ఆమెకు తెలిసిన ఆ మొహం మీద చెయ్యి అడ్డం లేదు. భర్త పెరుగు అడిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం నివేదిక రెండు పేజీలుగా శాతాలాయన బల్ల మీదికి చేరింది. మొదటి పేజీలో ఆయన కోరిన అరవై ఎనిమిది ఉంది. రెండో పేజీలో అసంపూర్ణాల జవాబులు కూడా కలిపితే నచ్చలేదన్నవాళ్ళు నూటికి నలభై ఎనిమిదికి ఎలా దిగుతారో ఉంది. దాని కింద, ఏ ఫోను ఎవరి పిలుపుతో తెగిందో ఆ పట్టిక మొత్తం ఉంది. ఆయన మొదటి పేజీ చదివి తలాడించాడు. రెండోది చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“భర్త పిలిచాడు, కుక్కరు… ఏమిటమ్మా ఇదంతా? ఎవరడిగారు మిమ్మల్ని?”

“ఎవరూ అడగలేదండీ.”

“వాళ్ళకి ఆసక్తి లేదని మొన్ననే చెప్పానా?”

“ఆసక్తి లేక ఒక్కరూ పెట్టలేదండీ. పిలిస్తే వెళ్ళారు.”

ఎనిమిది బల్లల దగ్గరా మాటలు పల్చబడ్డాయి. శాతాలాయన గొంతు తగ్గించాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఇంకా పెళ్ళి కావలసిన చెల్లెలున్నవాడు, ఛానెల్ వాళ్ళంటే భయం ఉన్నవాడు. “చూడండమ్మా, ఈ రెండో పేజీ తీసేసి మొదటిదాని మీద సంతకం పెట్టండి. మీ ఉద్యోగానికి ఢోకా ఉండదు. ఎక్కడో చల్లారిన టీ కోసం మీరు రోడ్డున పడతారా?”

ఆమె రెండు పేజీలనూ తన వైపు తిప్పుకుంది. ఇంటికి వెళ్ళి ఈ ఉద్యోగం పోయిందని చెబితే భర్త ఏమంటాడో తెలుసు: పోనీలే, కాలక్షేపమే కదా. ఆ మాట ఇన్నాళ్ళు ఎంత బరువుగా ఉండేదో, ఇప్పుడు ఎంత తేలిపోయిందో చూసుకుని ఆమెకే ఆశ్చర్యమేసింది. కలం మూత తీసి, మొదటి పేజీ మీద సంతకం చోటు ఖాళీగా వదిలి, రెండో పేజీ అడుగున తన పూర్తి పేరు నిదానంగా రాసింది.

శాతాలాయన తల పట్టుకున్నాడు. “ఇప్పుడు ఛానెల్ వాళ్ళు ఫోన్ చేస్తే నేనేం చెప్పను?”

“పద్నాలుగో ప్రశ్న దాకా కూర్చునే తీరిక ఉన్నవాళ్ళనే మనం ఇన్నాళ్ళూ ప్రేక్షకులన్నామని చెప్పండి,” అందామె.