అన్నం మాన్పించిన కోడలు

దానమ్మ కొడుకు యుగంధర్ అన్నం ముట్టి ఇరవై రోజులైంది.

కళింగపట్నం రేవులో పుట్టి పెరిగినవాడు, చేపల వ్యాను నడిపేవాడు, నూట ఏడు కిలోల మనిషి. వేట లేని నెలల్లో కూడా దానమ్మ వాడికి ఎండుచేపల పులుసుతో కంచం నిండా అన్నం పెట్టి పెంచింది. అలాంటివాడు ఇప్పుడు గుప్పెడు వేయించిన నెత్తళ్ళ చేపలు, రెండు గుడ్లు, ఉప్మాలా కనిపించే కాలీఫ్లవర్ తురుము తిని, మారు అడక్కుండా చెయ్యి కడుక్కుంటున్నాడు. ఆ అడక్కపోవడమే దానమ్మకు మింగుడు పడలేదు.

కోడలు భరణి గరివిడి పిల్ల. పెళ్ళై రెండేళ్ళు. ఆ ఏడు, అంటే 2018లో, ఎవరి ఫోనులో చూసినా బరువు తగ్గే వంటల వీడియోలే. భరణి ఫోను గోడకు ఆనించి, అవి చూస్తూ వండేది. అత్త పొయ్యి మీద పులుసు మరగక ముందే కోడలి వంట అయిపోయేది. మొదట్లో బద్ధకం అనుకుంది దానమ్మ. తర్వాత అనుమానం మొదలైంది.

ఎందుకీ తిండి అని అడిగితే, బరువు తగ్గాలని ఆయనే అడిగాడంది భరణి. కొడుకునడిగితే "దాని ఇష్టమమ్మా" అని వ్యానెక్కేశాడు. ఇద్దరి మాటా కలవలేదు. ఏదో దాస్తున్నారనుకుంది దానమ్మ.

ఒకరోజు పెరటి గుమ్మం దగ్గర ఎండుచేపలు ఏరుతున్నట్టు కూర్చుని వంటింట్లోకి ఓ కన్ను వేసి ఉంచింది. భరణి అటూ ఇటూ చూసి, బియ్యం డబ్బా వెనక నుంచి చిన్న సీసా తీసింది. అందులో గోధుమరంగు పొడి. రెండు చెంచాలు గిన్నెలో వేసి, గుడ్లు కొట్టి గిలకొట్టి, పెనం మీద అట్టు పోసింది. సీసాను మళ్ళీ డబ్బా వెనకే పెట్టింది. ఆ అట్టు యుగంధర్‌కి మాత్రమే వేసింది.

ఇరుగింటి తవిటమ్మ, దానమ్మ కలిసి ఒడ్డున చేపలు ఎండబెడతారు. సీసా సంగతి వినగానే తవిటమ్మ చేతిలో చేప కింద పెట్టేసింది.

"మందెట్టింది. మొగుణ్ణి కొంగుకి కట్టుకోడానికి ఎడతారు. ఆ మందు తిన్నోడికి అన్నం రుసించదు, తల్లి మాట ఇనిపించదు. సూడు, నీ కొడుక్కి రెండూ ఉన్నాయి."

దానమ్మ ఆ మాట నమ్మలేదు. కానీ వదిలెయ్యనూ లేకపోయింది. వాడి బెల్టుకి కొత్తగా రెండు బెజ్జాలు పడ్డాయి. రేవులో జనం ఒంట్లో బాగాలేదా అని అడుగుతున్నారు. పొద్దున్నపూట చేతులు వణకడం, ఊరికే చిరాకు పడటం తను కళ్ళారా చూసింది. భరణి మాత్రం కొత్తలో అలాగే ఉంటుందని వీడియోలో చెప్పారని తేలిగ్గా తీసేసింది. ఆ తేలికతనం దానమ్మ అనుమానానికి ఆజ్యం పోసింది. మరో రెండు గడపల్లో కూడా ఆ మాట అనేసింది.

ఆ శుక్రవారం ఉదయం రేవులో ఐసు పెట్టెలు వ్యానుకెక్కిస్తూ యుగంధర్ తూలాడు. ఒళ్ళంతా చెమట. మాట తాగినవాడిలా ముద్దముద్దగా వస్తోంది. తల్లి ఎదుటే నిలబడ్డా పోల్చుకోలేకపోయాడు. దానమ్మ వాణ్ణి ఇసుకలో కూర్చోబెట్టి, పక్కనున్న కొట్టులో పంచదార ఎక్కువ వేయించి టీ తెచ్చి, గుక్కగుక్కగా పట్టించింది. కనీసం ఇది ఆ పిల్ల చేతిది కాదు కదా అనుకుంది.

కాసేపటికి వాడు కళ్ళు తెరిచాడు. బోటు యజమాని చినబాబు ఆసుపత్రికి వ్యాను తోలుతానన్నాడు. దానమ్మ ఇంటికి పరుగున వెళ్ళి, సీసా తీసి కొంగున ముడేసింది. వెనకాలే వచ్చిన భరణిని వ్యానెక్కనివ్వలేదు. ఆ పిల్ల ఆటో మాట్లాడుకుని వెనక బయల్దేరింది.

శ్రీకాకుళంలో డాక్టరమ్మ ముందు దానమ్మ సీసా పెట్టింది. "ఇదే తల్లీ. నెల్రోజుల్నుంచి నా కొడుక్కి ఇదే ఎడతన్నాది."

డాక్టరమ్మ మూత తీసి వాసన చూసింది, చిటికెడు నోట్లో వేసుకుంది. "అవిసె గింజల పొడి. నేనూ తింటాను." ఈలోగా నర్సు వేలికి సూది గుచ్చి చూసింది. రక్తంలో చక్కెర, టీ తాగాక కూడా, అరవైకి చేరలేదు. ఏం మాత్రలు వాడుతున్నారని డాక్టరమ్మ అడిగింది.

"ఆడికేటి మాత్రలు? ఆడికే రోగమూ లేదు," అంది దానమ్మ.

మంచం మీంచి యుగంధర్ మెల్లిగా అన్నాడు. "వ్యాన్లో ఉన్నాయి. స్టీరింగు పక్క అరలో."

చినబాబు తెచ్చినవి షుగరు మాత్రలు. పదమూడు నెలలుగా వేసుకుంటున్నాడు. వాడి నాన్న నూకయ్యకి అదే జబ్బు. మొదట పాదం తీసేశారు, తర్వాత ఏడాదికి మనిషే పోయాడు. ఆ జబ్బు పేరు తన గడపలో ఎత్తొద్దని దానమ్మ అందరికీ చెప్పింది. అందుకని వాడు తల్లికి చెప్పలేదు, పెళ్ళానికీ చెప్పలేదు. బరువు తగ్గించమని మాత్రమే భరణిని అడిగాడు.

డాక్టరమ్మ కోప్పడింది వాడి మీదే. తిండిలో తప్పు లేదంది. అన్నం మానేసి, మాత్ర మాత్రం పాత లెక్కనే మింగితే చక్కెర పడిపోతుందని, చెప్పి ఉంటే మోతాదు తగ్గించేవాళ్ళమని అంది. తర్వాత దానమ్మ వైపు తిరిగి, "మీరిచ్చిన టీయే ప్రాణం నిలబెట్టింది," అంది.

గుమ్మంలో నిలబడి భరణి అంతా వింది.

తిరిగొచ్చేటప్పుడూ చినబాబే తోలాడు, ముగ్గురూ వ్యానులో పక్కపక్కనే కూర్చున్నారు. శ్రీకాకుళం దాటాక దానమ్మ నోరు విప్పింది. "నువ్వు మందెట్టావనుకున్నాను గుంటా. తవిటమ్మకి సీసా సంగతి సెప్పాను. ఇంకో రెండిళ్ళలో కూడా అన్నాను."

"మొదటిరోజు అవిసె గింజలు సూసి గొడ్ల తిండన్నావు. పారేస్తావని పొడి కొట్టి దాసాను. నన్నడిగితే సెప్పనా అత్తా?" అని భరణి కిటికీ వైపు తిరిగిపోయింది. యుగంధర్ ఎవరివైపూ చూడలేదు.

మర్నాడే దానమ్మ ఆ మూడు గడపలకూ వెళ్ళి, తను అన్నది తప్పని చెప్పింది. ఇద్దరు నమ్మారు. తవిటమ్మ మాత్రం ఆమె మొహంలోకి పరీక్షగా చూసి, "నీకూ ఎట్టిందేటి?" అంది. దానమ్మ వెనుదిరిగి ఇంటికి వచ్చేసింది. ఆ అనుమానానికి సీసా అందించింది తనే కదా.

మాత్ర సగం చేశారు. మధ్యాహ్నం చిన్న కప్పుడు అన్నం చేర్చారు. భరణి వారం రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. ఎనిమిదో రోజు దానమ్మ వంటింట్లోకి వెళ్ళి కోడలి పక్కన పీట వేసుకుంది.

"ఆ కాలీఫ్లవరు పువ్వు ఎలా తురుముతావో నాకూ సూపించు."

భరణి తలెత్తలేదు. కోరాము అత్త వైపు జరిపింది. "పెద్ద బెజ్జాల వైపు తురుము. ఏళ్ళు జాగర్త," అంది.